గడువు పెట్టుకుని తొక్కేవాళ్లు

200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు. 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40, 1000కి 75, 1200కి 90. దూరాలు తొక్కే సైకిలిస్టులకు ఈ అంకెలు కంఠతా వచ్చు. ప్యారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నిర్ణయించిన ఈ గడువులే హైదరాబాద్ వంటి మన నగరాల్లో జరిగే బ్రెవే ప్రయాణాలకూ వర్తిస్తాయి. వీటిలో మొదటి బహుమతి లేదు, రెండో బహుమతి లేదు. చేతిలో ఒక కార్డు ఉంటుంది. దారిలోని కంట్రోళ్ల (తనిఖీ చోట్ల) దగ్గర దానిమీద ముద్ర వేయించుకుంటూ పోవాలి. ప్రతి కంట్రోల్‌కూ మూసే వేళతోపాటు తెరిచే వేళ కూడా ఉంటుంది. అంటే మరీ ముందుగా చేరినా చెల్లదు. ఎవరి తర్వాత ఎవరు వచ్చారన్నది ఎక్కడా లెక్కపెట్టరు. అందుకే ఈ సంప్రదాయాన్ని వేగపు పోటీగా చూస్తే పొరపాటు. మనిషి తన శక్తిని తానే నిజాయితీగా అంచనా వేసుకునే పద్ధతి ఇది. గడియారం అందుకు సాధనం. తక్కిన మెళకువలన్నీ ఆ అంచనాలోంచే పుట్టాయి.

కొండదారుల్లో తొక్కే మౌంటెన్ బైక్ పందేలకు వస్తే ఇది ఇంకా తేటగా కనబడుతుంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రపు లెడ్‌విల్ గనుల ఊరు. గని మూతపడి బతుకుతెరువు పోయిన రోజుల్లో, 1983లో, అక్కడ వంద మైళ్ల పరుగు పందెం మొదలుపెట్టారు. 1994లో దానికి సైకిల్ పందెం తోడైంది. ఆ ఊరే సముద్రమట్టానికి 3,000 మీటర్లకు పైన ఉంటుంది. దారి సుమారు 3,800 మీటర్ల దాకా ఎక్కి మళ్లీ దిగుతుంది. 12 గంటల్లో పూర్తిచేసినవాళ్లకు వెండి బెల్టు బకిల్ ఇస్తారు, 9 గంటల్లోపు వచ్చినవాళ్లకు అంతకన్నా పెద్దది. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి గెలుపు ఊసే ఉండదు. ఒకరు 12 గంటల కోసం తొక్కుతారు, ఇంకొకరు 9 గంటల కోసం. అక్కడ పక్కనున్న మనిషిని చూసి వేగం పెంచుకున్నవాడు గాలి పలచబడే ఎత్తుకు చేరేసరికి మూల్యం చెల్లిస్తాడు. తన లెక్క తాను పట్టుకున్నవాడు నెమ్మదిగానైనా పైకి చేరతాడు.

ఆ లెక్క ఎలా వేసుకోవాలో చూద్దాం. 200 కిలోమీటర్లను గంటకు 20 చొప్పున తొక్కితే 10 గంటలు పడుతుంది. గడువులో ఇంకా మూడున్నర గంటలు మిగులుతాయి. ఇంటికి ఇంకా ముందే చేరాలనుకునేవాడికి మొదట తట్టే ఉపాయం వేగం పెంచడం. గంటకు 22 చేశాడనుకుందాం. అప్పుడు 9 గంటల 5 నిమిషాలు పడుతుంది, అంటే 55 నిమిషాలు కలిసొచ్చాయి. కానీ గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగానికి మూడో ఘాతంలో పెరుగుతుంది. వేగం పదో వంతు పెరిగితే గాలికోసం క్షణక్షణం ఖర్చయ్యే శక్తి దాదాపు మూడో వంతు పెరుగుతుంది. ఇప్పుడు రెండో దారి. 25 కిలోమీటర్లకోసారి ఆగితే మధ్యలో ఏడు ఆగుళ్లు. ఒక్కోచోట 20 నిమిషాలు గడిపితే 2 గంటల 20 నిమిషాలు. అదే పది నిమిషాల్లో లేస్తే 70 నిమిషాలు మిగులుతాయి, ఒక్క కండరం కూడా అదనంగా కష్టపడకుండా. అనుభవజ్ఞులు సైకిల్ దిగేముందే ఏం కొనాలో, ఏ సీసా నింపాలో, గొలుసుకు నూనె వేయాలో వద్దో మనసులో వరుసపెట్టుకుని దిగడానికి కారణం ఇదే. కొత్తవాళ్లు వేగం మీద పెట్టే శ్రద్ధలో సగం ఆగుళ్ల మీద పెడితే చాలామంది గడువులు దాటవు.

ఇక శరీరం. కండరాల్లోనూ కాలేయంలోనూ నిల్వ ఉండే పిండిపదార్థం గట్టిగా తొక్కితే కొద్ది గంటల్లోనే అడుగంటుతుంది. అందువల్ల ఆకలి వేసేదాకా ఆగకూడదు. దూరపు తొక్కుడులో గంటకు సుమారు 60 గ్రాముల పిండిపదార్థం కావాలన్నది సాధారణంగా పాటించే లెక్క, ఇంచుమించు రెండు అరటిపళ్లంత. పది గంటలపాటు అరటిపళ్లే తినడం ఎవరివల్లా కాదు గనక ఇడ్లీ, వేరుశనగ పట్టీ, బెల్లం, పెరుగన్నం మార్చిమార్చి తింటారు. మన ఎండల్లో నీళ్లతోపాటు ఉప్పు కూడా పోతుంది. ఒట్టి నీళ్లే లీటర్లకొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి తల తిరగడం, వాంతులు, ఇంకా ముదిరితే ప్రాణాపాయం. ఉప్పు వేసిన మజ్జిగను తేలిగ్గా తీసుకోకూడదు, ఈ పనికి అది బాగా సరిపోతుంది. ఎక్కుడులో నిలబడి పెద్ద గేరును తొక్కిపట్టేకంటే చిన్న గేరులో కూర్చుని నిమిషానికి 70, 80 తిప్పులు తిప్పితే మోకాళ్లు నిలుస్తాయి. రాళ్ల దారిలో టైరుకు గాలి కాస్త తగ్గిస్తే పట్టు పెరుగుతుంది, ఒంటికి కుదుపు తగ్గుతుంది. మరీ తగ్గిస్తే ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి పంక్చరవుతుంది. ఎంత గాలి అన్నది మనిషి బరువునూ టైరు వెడల్పునూ బట్టి ఎవరికి వారే తేల్చుకోవాలి. పందెం రోజున మాత్రం ప్రయోగం చేయకూడదు.

ఇదంతా పరాయి దేశపు కొండలకే పరిమితం అనుకోనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లోని రెడ్డిగూడెం చుట్టుపక్కల నేలను చూడండి. మైలవరం, తిరువూరు, నూజివీడుల నడుమ మామిడి తోటలు, వాటి మధ్య మట్టి బాటలు, అక్కడక్కడ చిన్న గుట్టలు. పడమటి వైపు ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, తిరువూరు మీదుగా భద్రాచలం వైపు పోయే 30వ నంబరు జాతీయ రహదారి ఉంది. మౌంటెన్ బైక్ సాధనకు కావలసిన మెత్తని మట్టి, గులకరాళ్లు, పొట్టి ఎక్కుళ్లు అన్నీ ఇక్కడ దగ్గర దగ్గరగా దొరుకుతాయి. వేసవి మాత్రం వద్దు. ఎండ సంగతి అటుంచితే, ఏప్రిల్ నుంచి కాయ తెగే రోజుల్లో నున్న మామిడి మార్కెట్టుకు పోయే లారీలతో దారులు రద్దీగా ఉంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున బయల్దేరితే మేలు. తోటల్లోంచి పోవాలంటే రైతును అడగాలి, రిజర్వు అడవిలోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. గంట కలిసొస్తుందని ఇంకొకరి కంచె దాటేవాడికి ఈ సంప్రదాయంలో చోటు లేదు.

గడియారం చూస్తూ తొక్కితే దారి చూసే ఆనందం పోతుందని కొందరంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ బ్రెవే గడువు గంటకు సుమారు 13 నుంచి 15 కిలోమీటర్ల సగటునే అడుగుతుంది. సిద్ధమై వచ్చినవాడికి అందులో టీ తాగడానికీ, పలకరింపుకీ వ్యవధి ఉంటుంది. సిద్ధం కానివాడికి గడువు లేకపోయినా ఆనందం దక్కదు, నడుంనొప్పే దక్కుతుంది. రెండో ఆక్షేపణ దీనికన్నా బరువైనది. రాత్రిపూట హైవే, నిద్రమత్తు, వెనక లారీలు. దీన్ని తోసిపుచ్చకూడదు. అందుకే ముందు వెనక దీపాలు, మెరిసే చొక్కా, హెల్మెట్ లేనిదే బ్రెవేలో రాత్రి తొక్కనివ్వరు. నిద్రను కూడా గడువులో భాగంగా లెక్కకట్టాలి. నిద్ర కోసం గంట కేటాయించని లక్ష్యాన్ని తప్పు లక్ష్యం అనే అంటాను. 2017లో భారత సైనిక వైద్యుడు శ్రీనివాస్ గోకుల్‌నాథ్ అమెరికా ఖండాన్ని అడ్డంగా దాటే రేస్ అక్రాస్ అమెరికాను ఒంటరిగా పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యారు. గడువు 12 రోజులైతే ఆయనకు పట్టింది 11 రోజుల 18 గంటల 45 నిమిషాలు. సుమారు 4,900 కిలోమీటర్ల తర్వాత చేతిలో మిగిలింది ఐదు గంటల పైచిలుకు. నిద్రనూ తిండినీ అంత సన్నగా తూచుకోకపోతే ఆ మిగులు ఉండేది కాదు.

పాల క్యాన్లు కట్టుకుని రోజూ ఊళ్లు తిరిగే మనిషి కంటే వీళ్లు చేసేదేమిటని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆ మనిషి ఓర్పు ముందు ఏ పతకమైనా చిన్నదే. అయితే ఆయన వేళను ఆయన ఎంచుకోలేదు, బతుకు నిర్ణయించింది. తానుగా గడువు ఎంచుకునే అలవాటు కూడా మన పల్లెలకు కొత్త కాదు. ఒకప్పుడు ఊరి నడిబొడ్డున రోజుల తరబడి కాలు నేలకు ఆనించకుండా గుండ్రంగా తిరిగే సైకిల్ కళాకారులు వచ్చేవారు. తిండీ స్నానమూ సైకిల్ మీదే. వాళ్లకీ ఎదుటివాడు లేడు, తాము చెప్పిన రోజులే ఎదురు. వాళ్లు ఊరివాళ్లిచ్చే పైసల కోసం తొక్కారని చిన్నచూపు చూడటం తగదు. ఓర్పును నలుగురి ముందు మాటగా ఇచ్చి నిలబెట్టుకున్నవాళ్లు వాళ్లు.

ఖర్చు మాటకొస్తే, లక్షలు పోసి కొన్న సైకిళ్లు ఈ లోకంలో ఉన్నాయి, వాటి చుట్టూ ఆర్భాటమూ ఉంది. కానీ బ్రెవే కార్డు మీద సైకిల్ ధరకు గడి లేదు. మనిషి కండబలంతో నడిచే బండి అయితే చాలు. కొత్తగా మొదలుపెట్టేవాడు తన డబ్బులో కొంత మంచి టైర్లకూ, బ్రేకులకూ, తన ఎత్తుకు సీటు సరిచేయించుకోవడానికీ పెట్టాలి. ఆ తర్వాత లెడ్‌విల్‌లోలాగే రెండు గడువులు రాసుకోవాలి, అంతా కలిసొస్తే ఒకటి, ఎదురుగాలి వీస్తే మరొకటి. దారిని నాలుగు భాగాలు చేసి ఒక్కో భాగం చివర ఏ వేళకు ఉండాలో చిన్న కాగితం మీద వేసి హ్యాండిల్‌కు అంటించుకోవాలి. మూడో భాగం దగ్గర మొదటి గడువు తప్పిందని తేలితే, అక్కడినుంచి రెండో గడువుకే తొక్కాలి.