మెలికల గీతలో పనితనం

పొద్దుగూకగానే తనంతట తాను వెలిగే దీపాల్లో చాలావాటికి కన్ను ఎల్‌డీఆర్, అంటే వెలుతురును బట్టి నిరోధం మారే రెసిస్టర్. ఎక్కువగా దొరికే రకం 5 మిల్లీమీటర్ల బిళ్ల, రెండు తీగ కాళ్లు, అంతే. దాన్నొకసారి భూతద్దం కింద పెట్టి చూడాలి.

సెరామిక్ బిళ్ల మీద కాడ్మియం సల్ఫైడ్ పొర ఉంటుంది. దానిపైన రెండు లోహపు పూతలు, రెండు దువ్వెనల పళ్లు ఒకదాని సందుల్లోకి ఒకటి చొచ్చుకుపోయినట్టు, ఎక్కడా తగలకుండా సాగుతాయి. వాటి నడుమ మిగిలిన సందే మనకు కనిపించే మెలికల గీత. కరెంటు ఆ గీత వెంబడి మెలికలు తిరుగుతూ పోతుందనిపిస్తుంది గానీ, నిజానికి దాన్ని అడ్డంగా దాటుతుంది. దాటాల్సిన దూరం వెంట్రుకవాసి, దాటేందుకు దొరికే చోటు మాత్రం గీత పొడవంతా! కరెంటును అంత తేలిగ్గా పోనివ్వని పదార్థాన్ని ఇంత చిన్న బిళ్లలో పనికొచ్చేలా చేసింది ఆ అమరికే. ఎంత చక్కని ఆలోచన!

వెలుతురు పడితే ఆ పొరలో కట్టుబడి ఉన్న ఎలక్ట్రాన్లు విడివడతాయి, నిరోధం పడిపోతుంది. సెలీనియంలో ఈ గుణాన్ని విల్లోబీ స్మిత్ 1873లోనే ప్రకటించాడు. కాడ్మియం సల్ఫైడ్ ప్రత్యేకత ఏమిటంటే, మన కంటిలాగే అదీ ఆకుపచ్చ వెలుగుకు బాగా స్పందిస్తుంది. అందుకే మనకు మసక అనిపించిన వేళే దానికీ మసక. మామూలు రకంలో 10 లక్స్ వెలుతురులో 10–20 కిలోఓమ్‌లు ఉండే నిరోధం, చీకట్లో మెగాఓమ్‌కు చేరుతుంది.

దీన్ని మరో రెసిస్టర్‌తో వరుసగా కలిపితే, రెండింటి మధ్య వోల్టేజి వెలుతురును బట్టి మారుతుంది. ఆ మార్పును ట్రాన్సిస్టర్ అందుకుని రిలేను లాగుతుంది, దీపం వెలుగుతుంది. కానీ సంధ్య ఒక్కసారిగా రాదు. వెలిగే హద్దు, ఆరే హద్దు ఒకటే అయితే ఆ కాసేపూ రిలే టకటకలాడుతూనే ఉంటుంది. మంచి పనివాడు రెండు హద్దుల మధ్య కొంత ఎడం ఉంచుతాడు. సర్క్యూట్ బాగోగులు నేను అక్కడే చూస్తాను. ఎల్‌డీఆర్ మీద ఆ దీపం వెలుగే పడకుండా చూడటమూ అంతే ముఖ్యం. పడితే వెలగడం, ఆరడం, మళ్లీ వెలగడం.

కాడ్మియం విషపదార్థం. యూరప్‌లో 2006 నుంచి దాని వాడకంపై ఆంక్షలున్నాయి, ఫోటోట్రాన్సిస్టర్లు ఎల్‌డీఆర్‌ల స్థానంలోకి వస్తున్నాయి. మీ దగ్గర పాత ఎల్‌డీఆర్‌లు ఉంటే పగలగొట్టకండి, కాల్చకండి, ఈ-వ్యర్థాలు తీసుకునేవారికే ఇవ్వండి.