తెలుగు లిపిలో అరబీ పాఠాలు: గుర్తుల ఆవశ్యకత

అరబీ చదవలేని తెలుగు ముస్లిముల కోసం నమాజు సూరాలను, దుఆలను తెలుగు లిపిలో అచ్చువేయడం చాలాకాలంగా జరుగుతున్నది. ఈ సేవ శ్లాఘనీయమే. అయితే ఆ అచ్చులో అరబీ లిపిలోని భేదాలకు ఎంతవరకు న్యాయం జరుగుతున్నదో పరిశీలించవలసి ఉన్నది.

హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలపు ప్రతులలో అచ్చుల గుర్తులు లేవు. అరబ్బేతరులు ఇస్లాం స్వీకరించిన కొద్దీ పారాయణంలో తప్పులు దొర్లసాగాయి. 'తౌబా' సూరా 3వ ఆయత్‌లో 'రసూల్' పదం చివర 'ఉ'కారం పలికితే, అల్లాహ్‌కూ ఆయన ప్రవక్తకూ బహుదైవారాధకులతో సంబంధం లేదని అర్థం. అక్కడే 'ఇ'కారం పలికితే, అల్లాహ్‌కు తన ప్రవక్తతోనే సంబంధం లేదన్న ఘోరమైన అర్థం వస్తుంది. ఈ తప్పును చెవులారా విన్న మీదటనే అబుల్ అస్వద్ దువలీ (మరణం హి. 69) రంగు చుక్కల పద్ధతి ఏర్పరచారని సంప్రదాయ కథనం. 'అ'కారానికి అక్షరంపైన, 'ఇ'కారానికి క్రింద, 'ఉ'కారానికి ప్రక్కన చుక్క. తరువాతి శతాబ్దంలో ఖలీల్ బిన్ అహ్మద్ నేటి జబర్, జేర్, పేష్‌లకు రూపమిచ్చారంటారు.

అచ్చుల విషయంలో తెలుగు లిపికి లోటు లేదు. గుణింతం ఉంది, దీర్ఘం ఉంది, తష్దీద్‌కు బదులు ఒత్తు ఉంది. 'రసూలుహూ' పొరపాటున 'రసూలిహీ' అయ్యే ప్రమాదం లేదు. చిక్కంతా హల్లులలోనే. సర్వజ్ఞుడైన అల్లాహ్ 'అలీమ్'. బాధాకరమైన శిక్ష కూడా 'అలీమ్'. మొదటిది ఐన్‌తోను, రెండవది హమ్జాతోను మొదలవుతాయి. తెలుగు పుటలో మాత్రం రెండూ ఒక్కటే. 'సృష్టించాడు' అనే అర్థమిచ్చే 'ఖలఖ'లో మొదటి అక్షరం ఖే, చివరిది ఖాఫ్. హైదరాబాదు దక్కనీలో ఖాఫ్‌ను ఖే వలె పలకడం వాడుక. ఆ వాడుకనే మన అచ్చు కూడా అనుసరించి, రెండింటికీ 'ఖ'తోనే సరిపెడుతున్నది.

హిందీవారు నాగరి అక్షరం క్రింద నుక్తా ఉంచి ఖే, ఖాఫ్ వంటి భేదాలను చూపుతున్నారు. తెలుగు నుక్తాకు కూడా 2021లో యూనికోడ్‌లో స్థానం లభించింది. కనుక అచ్చులో సౌకర్యం లేదన్న సాకు ఇక నిలువదు. ప్రకాశకులందరూ ఒకే పద్ధతిని అంగీకరించి, గుర్తుల పట్టికను పుస్తకం మొదట ఇచ్చి, అరబీ మూలాన్ని ప్రక్కనే ముద్రించాలి.

గుర్తు నోటికి శబ్దం నేర్పదు. అది ఉస్తాద్ చేయవలసిన పని. కాని ఇక్కడ వేరొక అక్షరం ఉన్నదని గుర్తు హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక లేని పుటను చదివే విశ్వాసి, తన నోట తప్పు పలుకుతున్నదని ఉస్తాద్‌ను అడిగే అవకాశమైనా ఎరుగడు.