ప్రాజెక్ట్ సీటు

మార్చి నెలాఖరులో ఏ యూనివర్సిటీ ప్రాజెక్ట్ సెక్షన్‌కి వెళ్లినా వినిపించేది ఒకటే మాట: ‘యూసీ అయిందా?’ యుటిలైజేషన్ సర్టిఫికెట్ అన్నమాట. ప్రభుత్వమిచ్చిన గ్రాంటు ఏ పద్దులో ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది, దాని మీద వడ్డీ ఎంత వచ్చింది... అన్నీ 12-ఎ ఫారంలో నింపి, సంతకాలు పెట్టించి పంపాలి. అది వెళ్లకపోతే తర్వాతి విడత డబ్బు రాదు. డబ్బు రాకపోతే ల్యాబ్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) కుర్రాడికి ఫెలోషిప్ అందదు. పరిశోధన గొప్పదే కావచ్చు, దాని బతుకు మాత్రం ఆ కాగితం మీదే ఉంటుంది. అది తయారుచేసే మనిషిని ఎవరన్నా పరిచయం చేయాల్సి వస్తే, ‘ఈయన ప్రాజెక్ట్ సీటు చూస్తాడండీ’ అని సరిపెడతారు.

ఆ సీటులో నేను చాలా ఏళ్లు కూర్చున్నాను. చేరిన రోజు నాకు దొరికిన శిక్షణ ఒక బీరువా తాళంచెవి. ‘పాత ఫైళ్లు చదువుకో’ అన్నారు. నిజం చెప్పాలంటే అది చెడ్డ శిక్షణేమీ కాదు. ఆడిట్ వాళ్ల అభ్యంతరం, దానికి మనవాళ్లిచ్చిన జవాబు, ఆ జవాబు నచ్చక వాళ్లు రాసిన ఇంకో పేరా... నోట్‌షీట్లు వరసగా చదువుకుంటూ పోతే ఏ రూలు ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. పద్దు మార్పుకి ముందుగా అనుమతి ఎందుకడగాలో, కొటేషన్ల తేదీల దగ్గర ఎందుకంత జాగ్రత్తో నాకు ఏ పుస్తకం చెప్పలేదు. కానీ ఫైలుకి నిన్నటిదాకానే తెలుసు. కొత్త రూలు వచ్చిన రోజున బీరువా ఎంత వెతికినా లాభం లేదు.

2022 మార్చిలో కేంద్ర ఆర్థిక శాఖ కేంద్ర పథకాల డబ్బు విడుదల చేసే పద్ధతినే మార్చేసింది. అంతకుముందు గ్రాంటు వచ్చి యూనివర్సిటీ ఖాతాలో కూర్చునేది, మనం మెల్లగా ఖర్చు పెట్టుకునేవాళ్లం. ఇకమీదట ఒక్కో పథకానికి విడిగా జీరో బ్యాలెన్స్ ఖాతా. అందులో డబ్బుండదు, ఇంతదాకా వాడుకోవచ్చన్న పరిమితి ఉంటుంది. మార్చి 31 దాటితే వాడని పరిమితి పోతుంది. సర్క్యులర్‌లో ఇదంతా చక్కగానే రాశారు. ఆర్డరిచ్చి ఇంకా చేతికందని పరికరం బిల్లు ఏం కావాలి, పిల్లల మార్చి నెల ఫెలోషిప్ ఏ తేదీన వేయాలి, ప్రభుత్వ చెల్లింపుల పోర్టల్ పీఎఫ్ఎంఎస్‌లో బిల్లు ఎక్కించే మేకర్ ఎవరు, సరిచూసే చెకర్ ఎవరు... అసలు ప్రశ్నలు ఇవి.

అప్పుడు పనికొచ్చింది ఫోనే. ‘అన్నా, మీ దగ్గర ఖాతా ఏ బ్యాంకుల తెరిచిన్రు?’ అని తెలంగాణ వైపు నుంచి ఒకాయన అడిగితే, ‘మాకింకా మ్యాపింగే కాలేదండీ, మీకు నేనేం చెప్పను’ అని కోస్తా నుంచి ఇంకొకాయన. చివరికి రాయలసీమలో ఒక కాంట్రాక్ట్ అసిస్టెంటు దారి కనుక్కున్నాడు. స్క్రీన్ ఫొటోలు తీసి, ఎక్కడెక్కడ నొక్కాలో గుర్తులు పెట్టి అందరికీ పంపాడు. వీళ్లకి పరిచయాలు ఎక్కడయ్యాయంటారా? ఆడిట్ ఆఫీసు బెంచీ మీద. ఢిల్లీలో ఫైలు కదిలించడానికి వెళ్లి, ఒకే అధికారి గది ముందు ఎదురుచూస్తూ. నాకు తెలిసిన నెట్‌వర్కింగ్ ఇదే.

మిగతా ప్రపంచం దీన్ని ఎప్పుడో ఒక వృత్తిగా గుర్తించింది. అమెరికాలో యూనివర్సిటీ రీసెర్చ్ అడ్మినిస్ట్రేటర్ల జాతీయ సంఘం ఎన్‌క్యూరా 1959లోనే పుట్టింది. ఈ పనికి అక్కడ సర్టిఫికెట్ పరీక్ష కూడా ఉంది. యూరప్ వాళ్ల సంఘం ఇఆర్మా 1995లో మొదలైంది. మన దేశంలో ఆ ప్రయత్నం హైదరాబాద్ నుంచే సాగడం నాకు ఇష్టమైన సంగతి. వెల్‌కమ్ ట్రస్ట్, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కలిసి నడిపే ఇండియా అలయన్స్ 2018లో ఇండియా రీసెర్చ్ మేనేజ్‌మెంట్ ఇనిషియేటివ్‌కి శ్రీకారం చుట్టింది. గమనించండి, దీన్ని తలకెత్తుకున్నది గ్రాంటు ఇచ్చే సంస్థ. తీసుకునే యూనివర్సిటీలకి ముందుగా తట్టాల్సిన ఆలోచన కదా ఇది!

వాటికి ఎందుకు తట్టదో కూడా నాకు తెలుసు. శిక్షణకి పేరు పంపమని లేఖ వస్తే ముందు డీన్ గారి పేరు వెళుతుంది. ఆయన మంచి శాస్త్రవేత్తే, కాదనను. కొన్నేళ్లు ఆ కుర్చీలో ఉండి తన ల్యాబ్‌కి వెళ్లిపోతారు, నేర్చుకున్నదీ ఆయనతోనే వెళ్లిపోతుంది. ఒకచోట ఇలాంటి వర్క్‌షాప్‌కి వెళ్తానని సీనియర్ అసిస్టెంటు అర్జీ పెట్టుకుంటే ‘బోధనా సిబ్బందికి మాత్రమే’ అని రాసి తిప్పి పంపారు. డబ్బు లేక కాదు. ప్రాజెక్టులతో పాటు ఓవర్‌హెడ్ అని సంస్థ ఖర్చుల కింద కొంత వస్తుంది. ఆ ఏడాది దానితో గెస్ట్‌హౌస్‌కి రంగులు వేయించారు. రంగులు బాగున్నాయి, అది వేరే సంగతి.

అలాగని వర్క్‌షాపులన్నీ అమృతమనీ అనను. సగం రోజు ‘ఎకోసిస్టమ్’ మీద స్లైడ్లు వేస్తారు. పని జరిగేది మధ్యాహ్నం భోజనాలయ్యాక, నలుగురు తమ ఫైళ్లు తెరిచి ఒకరివి ఒకరు చూసుకున్నప్పుడు. ఉదాహరణకి, 2025 జూన్‌లో పరిశోధన సంస్థల కొనుగోళ్ల రూల్స్‌ని కేంద్రం సడలించింది. కొటేషన్లు లేకుండా కొనగలిగే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకి, కొనుగోలు కమిటీ పరిధి 10 లక్షల నుంచి 25 లక్షలకి పెరిగింది. 200 కోట్ల దాకా గ్లోబల్ టెండర్లకి వైస్ ఛాన్సలర్లు, డైరెక్టర్లే అనుమతి ఇవ్వొచ్చన్నారు. పత్రికల్లో అందరూ చదివారు. రాష్ట్ర యూనివర్సిటీ గుమస్తాకి మాత్రం ఒకటే సందేహం: ఇది మనకి వర్తిస్తుందా, లేక మన పాత కొనుగోలు నిబంధనలే పట్టుకోవాలా? దీనికి ఉపన్యాసంలో జవాబు దొరకదు. శాంక్షన్ ఆర్డర్లో షరతులు ఏమున్నాయో చూసి, ఇలాంటిదే ఎదుర్కొన్నవాళ్లని పట్టుకుని అడగాలి. వాళ్లెవరో తెలియడమే ఈ ఉద్యోగంలో సగం అర్హత.

ఇంకో చిక్కుంది, బదిలీలు. నా తర్వాత ఆ సీటుకి పరీక్షల విభాగం నుంచి ఒకావిడ వచ్చారు. ఫైళ్ల జాబితాతో పాటు ఏ సమస్యకి ఎవరికి ఫోన్ చేయాలో రాసిన కాగితం కూడా ఇచ్చాను. ఆవిడ దాన్ని నాకంటే బాగా వాడుకున్నారు. కొత్త పేర్లు చేర్చారు, యూసీలకి ఒక ఎక్సెల్ షీటు తయారుచేసి ఇతర యూనివర్సిటీలకీ పంచారు. సీటు చేతికి అలవాటయ్యేసరికి హాస్టళ్ల విభాగానికి మార్చేశారు. ఇప్పుడున్న కుర్రాడు మొన్న నాకు ఫోన్ చేశాడు: ‘సార్, మిగిలిన వడ్డీ భారత్‌కోష్‌లో ఏ పద్దు కింద కట్టాలి?’ నేను రిటైరైనవాణ్ణి, పోర్టల్ అప్పటిలా ఉందో లేదో కూడా తెలియదు. ‘హాస్టల్ ఆఫీసుకి వెళ్లు, మేడమ్ చెబుతారు’ అన్నాను. ‘అక్కడ మెస్ బిల్లుల గొడవలో ఉన్నారు సార్, సాయంత్రం రమ్మన్నారు’ అన్నాడు.