దాచిన పేరు: ‘ఫిలోమినా’ చిత్రం అడగని ప్రశ్న

ఇస్లామీయ అధ్యయన పత్రికలో ఒక ఆంగ్ల చలనచిత్రాన్ని గురించిన విమర్శ ఎందుకని కొందరు పాఠకులు అడగవచ్చు. స్టీఫెన్ ఫ్రియర్స్ దర్శకత్వంలో 2013లో వచ్చిన ‘ఫిలోమినా’ చిత్రానికి మూలవస్తువు నసబ్, అనగా వంశ సంబంధం. షరీఅత్ పట్టుదలతో కాపాడిన విషయాలలో అది ఒకటి. పెంపకానికి ఇవ్వబడిన బిడ్డ పెరిగి పెద్దవాడై ‘నేనెవరి బిడ్డను?’ అని అడిగినపుడు, జవాబు ఉన్న కాగితాన్ని దాచిపెట్టే అధికారం ఎవరికైనా ఉన్నదా? కథలో ఉన్న ప్రశ్న ఇది. చిత్రం దానిని అడగకుండానే ముగిసింది.

కథ నిజంగా జరిగినదే. ఐర్లండులో ఫిలోమినా లీ అనే యువతి వివాహం కాకుండానే గర్భవతి కాగా, ఇంటివారు ఆమెను రాస్‌క్రే పట్టణంలో కన్యాస్త్రీలు నడిపే షాన్‌రాస్ ఆశ్రమానికి పంపించారు. 1952 జూలై 5న అక్కడ కొడుకు పుట్టాడు. ఆంథొనీ అని పేరు పెట్టుకున్నది. మూడేళ్ళకు పైగా ఆమె అక్కడే బట్టలుతికే చాకిరీ చేసింది. 1955లో, బిడ్డపై సర్వహక్కులూ వదులుకుంటున్నాననీ, ఇక ఎన్నడూ అతని జాడ వెదకబోననీ ఆమెచేత సంతకం చేయించి, పిల్లవాణ్ణి ఒక అమెరికా కుటుంబానికి ఇచ్చివేశారు. అతడు మైకేల్ హెస్ పేరుతో పెరిగి న్యాయవాది అయి, రిపబ్లికన్ పార్టీ జాతీయ సంఘానికి ప్రధాన న్యాయ సలహాదారు కాగలిగాడు. కొడుకు కోసం తల్లి ఆ ఆశ్రమానికి వచ్చి అడిగింది. తల్లి కోసం కొడుకూ వచ్చి అడిగాడు. ఇద్దరూ వట్టి చేతులతోనే వెళ్ళారు. 1995లో అతడు మరణించాడు. తన కోరిక ప్రకారం ఆ ఆశ్రమ ప్రాంగణంలోనే ఖననం చేయబడ్డాడు. సమాధి రాతి మీద అతని జన్మదినం, జన్మస్థలం చెక్కబడి ఉన్నాయి. కాగితం చెప్పవలసిన సంగతిని రాయి చెప్పవలసి వచ్చింది.

ఫిలోమినాగా జూడీ డెంచ్ నటన గొప్పది. ఆ పామర స్త్రీ అమాయకత్వం, మొండితనం, విశ్వాసం మూడింటినీ ఆమె ఎక్కడా అతి చేయకుండా చూపింది. ఈ విషయంలో విమర్శకు తావు లేదు.

పేచీ అంతా చివరి ఘట్టంతోనే. పాత్రికేయుడు ఆవేశంతో వృద్ధురాలైన సన్యాసిని హిల్డెగార్డ్‌ను నిలదీస్తాడు. ఆమె పశ్చాత్తాపం లేకుండా జవాబిస్తుంది. ఫిలోమినా ఆమెను క్షమిస్తుంది. ప్రేక్షకుల కళ్ళు చెమర్చుతాయి. నిజానికి ఈ ఘట్టం జరగనే లేదు. మైకేల్ మరణించిన 1995లోనే ఆ సన్యాసిని కూడా మరణించింది. కల్పన చేయటం తప్పని నేననను. ఈ కల్పన వలన ఏమైందో చూడండి. ఒక వ్యవస్థ చేసిన పని ఒక ముసలి స్త్రీ క్రూరత్వంగా మారిపోయింది. ఆమెను క్షమించగానే లెక్క తీరిపోయినట్లయింది. పత్రాలున్న బీరువా తాళం ఎవరి దగ్గర ఉన్నది, ఏ చట్టం ఆ తాళాన్ని వారి చేతికిచ్చింది అన్న ప్రశ్న తెర మీదికి రాలేదు. పైగా తల్లి తనకు జరిగిన అన్యాయాన్ని క్షమించగలదు గాని, కొడుకుకు రావలసిన హక్కును ఆమె ఎలా మాఫీ చేయగలదు? హఖూఖుల్ ఇబాద్ విషయంలో ఎవరి హక్కును వారే వదులుకోవాలని మనలో మదర్సా విద్యార్థికి కూడా తెలుసు. ఆ కొడుకు చిత్రంలో పాత ఫోటోలలో, ఇంటి వీడియోలలో కదలాడే నీడ మాత్రమే.

ఇక్కడ హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి) వృత్తాంతాన్ని గుర్తు చేసుకోవాలి. బాల్యంలో అపహరించబడి, బానిసగా అమ్మబడి, చివరకు మహాప్రవక్త (సల్లం) ఇంట చేరిన జైద్‌ను వెదుక్కుంటూ తండ్రి మక్కాకు వచ్చాడు. దైవప్రవక్త (సల్లం) నిర్ణయాన్ని జైద్‌కే వదిలివేశారు. ఆయన పెంచినవారి దగ్గరే ఉండిపోయారు, జైద్ బిన్ ముహమ్మద్ అని పిలువబడ్డారు. అక్కడ ప్రేమకు లోటు లేదు, మోసం అసలే లేదు. అయినా అహ్‌జాబ్ సూరాలో, పెంపుడు బిడ్డలను వారి కన్న తండ్రుల పేరుతోనే పిలవాలన్న ఆజ్ఞ అవతరించగానే ఆయన తిరిగి జైద్ బిన్ హారిసా అయ్యారు. పెంపకం ఆగిపోలేదు, ప్రేమ తరగలేదు. పేరు మాత్రం అసలు చోటికి చేరింది. తండ్రి ఎవరో తెలియనివారిని ధర్మ సోదరులుగా, మవాలీగా భావించాలని అదే ఆయతు చెబుతుంది. తండ్రి పేరు తెలియని హజ్రత్ సాలిం (రజి) అబూ హుజైఫా మౌలాగానే ప్రసిద్ధులయ్యారు. ఎవరి దగ్గర ఖుర్‌ఆన్ నేర్చుకోవాలో చెబుతూ దైవప్రవక్త (సల్లం) పేర్కొన్న నలుగురిలో ఆయన ఒకరు. తెలియని చోట తెలియదనే చెప్పారు గాని, అబద్ధపు తండ్రిని అంటగట్టలేదు.

ఒక ఆక్షేపణ ఉన్నది, అది తేలికగా తీసివేయదగినది కాదు. సాటివారి తప్పును కప్పిపుచ్చటం మన ధర్మంలో పుణ్యకార్యం. పరువు కోసం గుట్టుగా బతుకుతున్న తల్లి పేరును ముప్పై ఏళ్ళ తరువాత బయటపెట్టటం ఆ సిత్ర్‌ను చింపివేయటం కాదా? ఫిలోమినా సైతం సుమారు యాభై ఏళ్ళు తన కుమార్తెకు కూడా ఈ సంగతి చెప్పలేదు. కాని లోకం నుండి కప్పటం వేరు, కన్నబిడ్డ నుండి కప్పటం వేరు. వివాహేతర సంతానం విషయంలో మన ఫిఖ్ ఆ బిడ్డ నసబ్‌ను తల్లితోనే కలుపుతుంది. తల్లి నుండి, తల్లి తరపు బంధువుల నుండి వారసత్వం ఉన్నది. వివాహానికి నిషిద్ధులైనవారు ఎవరో తెలియటం కూడా ఆ పేరు మీదనే ఆధారపడి ఉన్నది. మిగిలిన ఆ ఒక్క దారాన్నీ తెంపి దానిని పరువు రక్షణ అనటం ఎలా చెల్లుతుంది? పైగా ఈ రహస్యాన్ని తల్లులు అడిగి తీసుకున్నారా? ఫిలోమినా విషయంలో అది ఆమెపై రుద్దబడింది.

చట్టాలు ఈ సంగతిని ఆలస్యంగా గ్రహించాయి. స్కాట్లండులో 1930లోనే పదిహేడేళ్ళు నిండిన దత్తపుత్రులకు తమ అసలు జనన నమోదును చూసే హక్కు వచ్చింది. ఇంగ్లండులో ఆ హక్కు 1975 చట్టంతో వచ్చింది. ఐర్లండు సుప్రీంకోర్టు 1998లో కన్నతల్లి ఎవరో తెలుసుకునే హక్కును గుర్తిస్తూనే, దానిని తల్లి గోప్యతతో తూచవలసిందేనన్నది. 2022లో అక్కడ వచ్చిన జనన సమాచార చట్టం తూకాన్ని బిడ్డ వైపు మొగ్గించింది. తల్లి తనను కలవవద్దని కోరవచ్చు. ఆ కోరికను బిడ్డకు వివరించి చెబుతారు. పత్రం మాత్రం ఇచ్చి తీరవలసిందే. నా దృష్టిలో ఇది న్యాయమైన విభజన. తెలుసుకోవటం బిడ్డ హక్కు, తలుపు తెరవటం తల్లి ఇష్టం. అయినా డబ్లిన్‌లోని ఒక దత్తత సంస్థ దస్త్రాలలో, పెంచినవారినే కన్నవారుగా నమోదు చేసిన ఉదంతాలు 126 ఉన్నట్లు 2018లో బయటపడింది. అలాంటివారికి తెరిచిన బీరువాలో దొరికేది కూడా అబద్ధమే.

ఇదంతా క్రైస్తవ మఠాల కథ అని మనం తృప్తిపడనవసరం లేదు. సంతానం లేని అన్నకో, చెల్లెలికో బిడ్డను ఇవ్వటం మన ఇళ్ళలోనూ ఉన్నది. అది మంచిపనే. కాని బడిలో చేర్చేటపుడు తండ్రి పేరు గడిలో పెంచినవాని పేరు రాయించి, నికాహ్ నామా వరకు దానినే లాక్కువచ్చే వారున్నారు. వారిని అడిగితే ప్రేమ కొద్దీ రాయించామంటారు.

చిత్రానికి ఆధారమైన మార్టిన్ సిక్స్‌మిత్ పుస్తకం 2009లో వెలువడింది. చిత్రంలో నీడగా మిగిలిన మైకేల్‌కు అందులో అధికభాగం దక్కింది. ఆ మేరకు అది చిత్రం కన్నా న్యాయమైనది. కాని రచయిత అతని నోట పలికించిన సంభాషణలలో చాలా భాగం ఊహించి రాసినవే. తన పుట్టుకను గురించిన రెండు వాస్తవమైన మాటల కోసం సముద్రం దాటి వచ్చిన మనిషి అతడు. ఆ పుస్తకం చదివేవారు ఆ సంభాషణలను దాటవేసి, అతడు ఆశ్రమానికి వచ్చి అడిగిన పేజీల దగ్గర ఆగి చదవాలని నా సూచన.