మూల టేబులు చూపించే మనిషి
మొదటిసారి కలుసుకునే ఇద్దరి కోసం జూబ్లీహిల్స్‌లో బారు ఎంచమంటే నేను లైట్ల హంగు చూడను, అక్కడి స్టీవార్డును చూస్తాను. పని తెలిసినవాడు జంటను స్పీకరు కింద కూర్చోబెట్టడు. గోడవార, పక్కపక్కగా ఒదిగి కూర్చునే మూల చూపిస్తాడు. ఎదురెదురుగా కూర్చుంటే ఇంటర్వ్యూలా ఉంటుందని అతనికి తెలుసు. ఆమె ఫ్రెష్ లైమ్ సోడా అడిగితే ‘అంతేనా మేడమ్?’ అనడు. బీరుకిచ్చే మర్యాదే దానికీ ఇస్తాడు: చల్లటి గ్లాసు, అంచు తుడిచి, కింద కాగితం వేసి. మాటల మధ్యలోకి రాడు. గ్లాసు అడుగంటేసరికి మాత్రం పక్కనే ఉంటాడు. తెలంగాణలో 21 నిండనివాళ్లకు మందు అమ్మకూడదు. అందుకు వయసు రుజువు కార్డు అడగడం కూడా నొప్పించకుండా చేస్తాడు. ఎంత సున్నితమైన పనో! ఈసారి వెళ్లినప్పుడు అతని పేరడగండి, టిప్పు చేతికే ఇవ్వండి.