మూల కలవాలంటే

‘మూల దగ్గర కాస్త సందొస్తే ఏముంది, లప్పం పెట్టి రంగేస్తే సరి’. ఇంట్లో సొంతంగా చెక్క ఫ్రేము చేసుకోబోయేవారికి ఈ సలహా ఇచ్చేవాళ్లు ఎక్కువైపోయారు. ఈ వారం మళ్లీ అదే మాట వినబడింది, బాధేసింది. లప్పం సందును కప్పుతుందే తప్ప మూలను పట్టి ఉంచదు. మామూలు తెల్ల జిగురు గట్టిగా పట్టాలంటే రెండు చెక్కముఖాలు ఒకదానికొకటి ఒత్తుకుని ఉండాలి. ఏటవాలుగా కోసినచోట కలప నాళాలు తెరుచుకుని ఉంటాయి, జిగురును తాగేస్తాయి. అందుకే ముందొక పల్చటి పూత పూసి, కాస్త ఇంకనిచ్చి, మళ్లీ పూయాలి. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉన్న 4 ఎం.ఎం. అద్దం దాదాపు ఐదున్నర కిలోలుంటుంది. దాన్ని గోడ మీద మోయాల్సింది ఈ నాలుగు మూలలే.

తప్పు ఎక్కడ పుడుతుందో లెక్కేసి చూడండి. ఫ్రేముకు నాలుగు మూలలు, ఎనిమిది కోతలు. ఒక్కో కోత 45 డిగ్రీలకు అర డిగ్రీ తగ్గిందనుకుందాం. అది కంటికి ఆనదు. కానీ మూలకు ఒక డిగ్రీ చొప్పున, మూడు మూలల్ని బిగించి కలిపేసరికి నాలుగోచోట నాలుగు డిగ్రీలు తేలతాయి. కర్ర వెడల్పు 50 ఎం.ఎం. అయితే అక్కడ నోరు తెరుచుకునే సందు 5 ఎం.ఎం. ఇది చూశాక ఎవరికైనా తోచేది ఒకటే: ఖచ్చితంగా 45 కోసే కరెంటు రంపం కొనాలి. అది పనిని తేలిక చేస్తుంది, కాదనను. కానీ దాని మీది గీత కూడా ఎవరో ఒకరు సరిచేసి పెట్టిందే. ఆ గీత అర డిగ్రీ తప్పితే ఎనిమిది కోతలూ ఒకేవైపుకు తప్పుతాయి, పైన చెప్పిన లెక్కే మళ్లీ ఎదురవుతుంది.

నిజానికి మూల కలవడానికి 45 అక్కర్లేదు. కలిసే రెండు కోతలూ కలిపి 90 కావాలి, అంతే. తిన్నని అంచున్న పలక మీద లంబకోణపు మూల ఉన్న త్రికోణపు చెక్క బిగించండి. దాని ఎడమముఖానికి ఒక కర్రను, కుడిముఖానికి రెండోదాన్ని ఆనించి, పలక అంచు వెంట చిత్రికను పక్కకు పడుకోబెట్టి నడపండి. రంపపు పళ్ల గాట్లు పోయి, కోత ముఖం గాజులా నునుపు తేలేదాకా పల్చటి రేకులే రావాలి. త్రికోణం కాస్త వంకరగా కూర్చుని ఒకవైపు 44.5 వచ్చినా, రెండోవైపు 45.5 వచ్చి తీరుతుంది. అలాగైతే రెండు కోతల పొడవూ సమానం కాదు కదా అని అడగొచ్చు. నిజమే, 50 ఎం.ఎం. కర్రలో ఒక మిల్లీమీటరు పైచిలుకు తేడా వస్తుంది, లోపలి అంచు ఆ మేరకు పొంతన తప్పుతుంది. సాదా కర్రయితే దాన్ని గరుకు కాగితంతో సరిచేయొచ్చు. తెరుచుకున్న సందును మాత్రం సరిచేయలేం. నగిషీ ఉన్న కర్రకు త్రికోణాన్నే ఇంకొంచెం జరుపుకోవాలి.

ఇక, టేపును తక్కువ నమ్మండన్న నా పాత పాట. ఎదురెదురు కర్రలు సమానం కాకపోతే కోణాలెంత బాగున్నా ఫ్రేము మూసుకోదు. కావాల్సిన పొడవు ఎంతన్నది తర్వాతి సంగతి, ముందు రెండూ ఒక్కలా ఉండాలి. అందుకే రెండోదాన్ని విడిగా కొలవకుండా, మొదటిదానికి పెట్టిన అడ్డుచెక్కకే ఆనించి కోయాలి. ఇంటి పునాదికి ముగ్గు పోసే మేస్త్రీ ఎదురుమూలల మధ్య తాడు పట్టి రెండు కర్ణాలూ సమానమో కాదో చూస్తాడు. జిగురు ఆరకముందే ఫ్రేముకూ ఆ పరీక్షే చేయాలి.

ఇంత చేసినా వేసవిలో మూల విచ్చుకుంటుందన్న మాటా నిజమే. కలప ఎండితే వెడల్పులో కుంచించుకుపోతుంది, పొడవులో దాదాపు మారదు. కాబట్టి వానాకాలం తేమ పట్టిన కర్రతో చేసిన ఫ్రేము మే నెలకు మూలల లోపలివైపు తెరుచుకుంటుంది. ఎండుకర్రతో చేసింది విశాఖ లాంటి తేమ ఊళ్లో ఉబ్బితే బయటి మొన దగ్గర విచ్చుతుంది. లప్పం పట్టుకునేముందు ఫ్రేమును దించి చూడండి. నాలుగు మూలలూ లోపలే, ఒకే తీరున విచ్చాయంటే కర్ర ఆరకుండా చేశారన్నమాట. మూడు బిగిసి ఒక్కటే తెరుచుకుందంటే కోత దగ్గరికే తిరిగి వెళ్లాలి.