ఒకే వడ్లు, రెండు కోడ్లు

"ఏ పేరైతేంది సార్, సంచిల ఉన్నది బియ్యమే గదా!" ఈ వారం బాన్సువాడలో ఒక మిల్లాయన నోట ఈ మాట వినగానే కోపమొచ్చింది. తరుగు మీద నేను ఎన్నిసార్లు రాశానో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. తూకం ఎంత నిక్కచ్చిగా ఉండాలో సరుకు పేరూ అంతే నిక్కచ్చిగా ఉండాలన్నది నా పట్టుదల.

నిజాంసాగర్ కింద పండే యాసంగి వడ్లను పచ్చిగా ఆడిస్తే ఎండలకు నూకే ఎక్కువ. అందుకే నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తారు. లోపలి పిండి ఉడికి గింజ గట్టిపడుతుంది. ఆ ఉప్పుడు గింజను వెలుతురుకు పట్టి చూడండి, లేత పసుపుగా, తేటగా ఉంటుంది. ఆవిరి చాలకపోతే మాత్రం నడుమ తెల్ల చుక్క మిగులుతుంది. మరి ఆ గింజ ఏ ఎగుమతి కోడ్ కిందికి వస్తుంది? ఒక అధికారి ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాసే వీలు అక్కడే ఉంది.

ప్రపంచ దేశాలు వాడే ఆరంకెల కోడ్‌లో ఉప్పుడు బియ్యమైనా పచ్చి బియ్యమైనా 100630 కిందే. ఆ లెక్కన మిల్లాయన అన్నదీ నిజమే. మన దేశం దానికి రెండంకెలు చేర్చి, 2022 నాటికి ఉప్పుడు బియ్యానికి 10063010 వాడేది. 2022 సెప్టెంబరు 9 నుంచి పచ్చి బియ్యం ఎగుమతిపై 20 శాతం సుంకం వేశారు, ఉప్పుడు బియ్యానికి అప్పట్లో లేదు. 2023 జులై 20న పచ్చి బియ్యం ఎగుమతినే ఆపేశారు. నెల తిరిగేసరికి, ఆ బియ్యమే ఉప్పుడు, బాస్మతి కోడ్ల కింద ఓడలెక్కుతోందని కేంద్రమే ప్రకటించింది. టన్నుకు 1,200 డాలర్ల లోపు బాస్మతి ఒప్పందాలను నిలిపేసింది. గింజను చూడాల్సిన చోట ధరను చూశారన్నమాట. అసలైన బాస్మతిని తక్కువకు అమ్మేవాళ్లూ ఇరుక్కున్నారు. అక్టోబరులో ఆ హద్దును 950కి దించక తప్పలేదు.

కాకినాడ రేవులో పరీక్షలు పెంచితే సరిపోతుందా? సరిపోదు. రెండు పేర్ల మధ్య 20 శాతం తేడా పెట్టాక, ఏ పేరు లాభమో ఆ పేరే సంచి మీదికి వస్తుంది. తర్వాత ఉప్పుడు బియ్యంపైనా వేసిన సుంకాన్ని 2024 అక్టోబరు 22న పూర్తిగా ఎత్తేశారు. అప్పటికే పచ్చి బియ్యం ఎగుమతికీ దారి తెరిచారు. ఇప్పుడు పేరు మార్చుకుంటే ఎవరికీ దక్కేదేమీ లేదు.

మళ్లీ సుంకం వేయాల్సి వస్తే రెండింటికీ ఒకటే రేటు వేయండి. తేడా పెట్టక తప్పదంటే, గింజ పరీక్ష మిల్లులోనే చేసి, ఆ కాగితాన్నే రేవులోనూ ఒప్పుకోండి.